వేలి కణుపుల మీద తొమ్మిది అంకెలు

పరీక్ష పెట్టెకి తాళం ఉండేది. తాళంచెవి మేడం గారి హ్యాండుబ్యాగులో ఉండేది. పెట్టె మాత్రం నా చంకలో ఉండేది. పదకొండేళ్ళు మోశాను దాన్ని. ఏలూరు నుంచి గూడెం దాకా, గూడెం నుంచి కొల్లేరు లంకల దాకా, ఆటోల్లో, బస్సుల్లో, ఒకటి రెండుసార్లు పడవలో ఒళ్ళో పెట్టుకుని.

మొన్న మా సెంటరులో కొత్తగా చేరిన అమ్మాయిలిద్దరు ఇంటికొచ్చారు. "ఆయమ్మగారూ, మీ రోజుల్లో సంగతి ఏదైనా రాసివ్వండి, కొత్తవాళ్ళకిచ్చే పుస్తకంలో వేస్తాం" అన్నారు. మంచి సంగతులు బోలెడున్నాయి. ఎంతమంది పిల్లల ముక్కులు తుడిచానో, ఎవరెవరి తల్లులు నా భుజం మీద ఏడ్చారో, అన్నీ గుర్తున్నాయి. అవి మీకు పనికిరావు. పనికొచ్చేది నేను చేసిన తప్పు. అదే రాస్తున్నాను.

ముందు మా పని సంగతి కొంచెం చెప్పాలి. చదువులో వెనకబడ్డ పిల్లల్ని చుట్టుపక్కల బళ్ళ వాళ్ళు మా సెంటరుకి పంపేవారు. మేడం గారు పిల్లల మనసు చదువు చదివిన మనిషి. పిల్లని ఎదురుగా కూర్చోబెట్టుకుని ప్రశ్నలడిగేవారు, రంగు బ్లాకులు పేర్పించేవారు, కొన్ని అంకెలు వరసగా చెప్పి తిరిగి చెప్పమనేవారు, తర్వాత అవే వెనక నుంచి చెప్పమనేవారు. అన్నీ అయ్యాక ఒక కాగితం మీద చుక్కలు పెట్టి గీతతో కలిపేవారు. కొందరి గీత బల్లపరుపుగా ఉండేది. కొందరిది మెట్టా పల్లమూగా ఉండేది. అడుగున మొత్తానికి కలిపి ఒక అంకె వేసేవారు.

ఆ అంకె డెబ్బైకి దిగితే సర్టిఫికెట్టు వస్తుంది, దాంతో పరీక్షల్లో కొన్ని సదుపాయాలు వస్తాయి. ఎనభై ఐదు దాటితే మామూలు పిల్ల కిందే లెక్క. ఈ రెంటికీ మధ్య పడ్డ పిల్లలున్నారే, వాళ్ళకి సర్టిఫికెట్టూ రాదు, చదువూ రాదు. మా బెంచీ మీద ఎక్కువగా కూర్చున్నది ఈ మధ్య పిల్లలే. చూస్తే ఏ లోపమూ కనపడదు. మాట్లాడతారు, నవ్వుతారు, తమ్ముణ్ణి చంకనేసుకుని బజారుకి వెళ్ళి సరుకులు తెస్తారు. బళ్ళో మాత్రం మొద్దు అనిపించుకుంటారు.

నా కుర్చీ తలుపు బయట వరండాలో ఉండేది. గదికీ వరండాకీ మధ్య ఉన్నది గోడ కాదు, ప్లైవుడ్ చెక్క. లోపలి మాట ప్రతీదీ బయటికి వినపడేది. అదే ప్రశ్న, అదే గొంతు, అదే వరస, పదకొండేళ్ళు. ఇక ఎవరికైనా నోటికొస్తుందిగా అంటారేమో. నాకు మొదటి నెలలోనే వచ్చేసింది.

దానికి కారణం మా ఇల్లు. మాది ఏలూరులో తివాచీలు నేసే ఇల్లు. ఐదో తరగతితో బడి మాన్పించి నన్ను మగ్గం ముందు కూర్చోబెట్టారు. డిజైను కాగితం మా నాన్న చేతిలో ఉండేది. ఆయన రంగులు పాటలా పాడుతుంటే మేం పిల్లలం ముడులు వేసేవాళ్ళం. మా ఇంట్లో తొమ్మిది రంగులు. నాన్న పాడినదాన్ని తప్పిపోకుండా మా నాయనమ్మ మాకో ఉపాయం నేర్పింది. చూపుడు వేలికి మూడు కణుపులు, మధ్య వేలికి మూడు, ఉంగరపు వేలికి మూడు. ఒక్కో కణుపుకీ ఒక్కో రంగు. నాన్న పాడుతుంటే బొటనవేలు ఆ కణుపుల మీద నడిచేది. కాస్త అలవాటయ్యాక నాకు వేళ్ళ అవసరం కూడా పోయింది. ఒకసారి వింటే చాలు, చెవిలో ఉండిపోయేది.

మేడం గారు ఉద్యోగంలో చేరిన కొత్తలో చెయ్యి తిరగడానికని నామీద ఒకసారి ఆ పరీక్ష మొత్తం పెట్టారు. అంకెల దగ్గర ఆవిడ దగ్గరున్న వరసలు అయిపోయాయి గానీ నాకు మాత్రం ఇంకా ఓపిక ఉంది. రంగు బ్లాకుల దగ్గరికొచ్చేసరికి ఎర్ర మూలా తెల్ల మూలా కలపలేక చెమటలు పట్టాయి.

"తివాచీల ఇంటి మనిషై ఉండి ఇదేంటి ఆయమ్మా!" అని ఆవిడ ఒకటే నవ్వు.

"డిజైను ఎప్పుడూ నేను చూడలేదండీ, విన్నాను" అన్నాను.

ఆ గీత కాగితం మీద నాకే గీసి చూపించారు. ఒకచోట కాగితం పైఅంచు తాకింది, ఇంకోచోట నేల కరిచింది. "మీరు బడికెళ్ళి ఉంటే జామెట్రీలో తప్పేవారు, ఎక్కాల్లో ఫస్టు వచ్చేవారు" అన్నారు. ఆ కాగితం ఇప్పటికీ మా బీరువాలో ఉంది.

ఇప్పుడు ఆ పిల్ల సంగతి.

ఎనిమిదో తరగతి. కొల్లేట్లో ఒక లంక గ్రామం. వాళ్ళ నాన్న చేపల చెరువుల్లో మేత వేసే మనిషి. ఆ చెరువుల్లో వరసగా కర్రలు పాతి, చిల్లులు పెట్టిన మేత బస్తాలు వాటికి కడతారు. పడవ మీద వెళ్ళి ఒక్కో బస్తా కట్టుకుంటూ రావాలి. ఆ పిల్ల సెలవుల్లో ఆయనతో వెళ్ళేది. వాళ్ళ నాన్నే ఆ రోజు సెంటరుకి తీసుకొచ్చాడు. చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చాడు పాపం. పిల్ల జడలకి రిబ్బన్లు మరీ బిగించి కట్టారేమో, కనుబొమ్మలు పైకి లేచి ఉన్నాయి.

ఆ ఉదయం భీమడోలు దగ్గర గూడ్సు బండి ఆగిపోయింది. మేడం గారు రోజూ తాడేపల్లిగూడెం నుంచి రైల్లో వచ్చేవారు. ఫోను చేసి, "ఆయమ్మా, వాళ్ళని కూర్చోబెట్టండి, ఆలస్యమవుతుంది" అన్నారు. వాళ్ళ నాన్న బజారులో వల దారం కొనుక్కొస్తానని వెళ్ళాడు. వరండాలో నేనూ ఆ పిల్లా మిగిలాం.

"ఏం అడుగుతారండీ లోపల?" అంది.

"ఏం లేదమ్మడూ. బొమ్మలూ బ్లాకులూ."

"తప్పు చెబితే?"

"తప్పు చెబితే ఏముందీ, ఏం కాదు."

"మా హెడ్మాస్టరు గారు చెప్పారండీ, ఇందులో కూడా తప్పితే ఇంక బడికి రానక్కర్లేదని. నేను పది పాసవ్వాలండీ. మోటార్లు బాగుచేసే కోర్సు ఉందంట కదండీ ఏలూర్లో, ఐటీఐలో. మా చెరువుల దగ్గర మోటారు ఆగితే మెకానిక్కు కోసం రెండ్రోజులు కూర్చుంటారండీ. ఆయన విప్పేటప్పుడు చూశానండీ నేను. విప్పినట్టే బిగించేస్తాను."

వేళ్ళు వణుకుతున్నాయి. ఆ వేళ్ళు చూసి నా బుద్ధి గడ్డి తింది.

"చెయ్యి ఇలా పట్టు" అన్నాను.

మా నాయనమ్మ ఉపాయం చెప్పాను, రంగుల బదులు అంకెలతో. చూపుడు వేలి మీద ఒకటి, రెండు, మూడు. మధ్య వేలి మీద నాలుగు, ఐదు, ఆరు. ఉంగరపు వేలి మీద ఏడు, ఎనిమిది, తొమ్మిది. నేను అంకెలు చెబుతుంటే బొటనవేలు నడిపించమన్నాను. వెనక్కి చెప్పమంటే, వచ్చిన దారినే తిరిగి వెళ్ళమన్నాను. మొదట నాలుగు అంకెలకే దారి తప్పింది. మళ్ళీ చెప్పాను. మళ్ళీ తప్పింది. అక్కడితో ఆగినా బాగుండేది. కాసేపయ్యాక నేను ఊరికే ఏవో అంకెలు చెప్పడం మాని, లోపల అడిగే వరసలే చెప్పడం మొదలుపెట్టాను. ఒక్కో వరసనీ మా నాన్న రంగులు పాడినట్టు పాడి, అది తప్పు లేకుండా నడిచేదాకా వదల్లేదు. మధ్యమధ్య అర్థాలు అడిగే మాటలు కూడా కొన్ని చెప్పాను.

అంతకుముందెప్పుడూ ఇలా చేయలేదంటే అబద్ధమవుతుంది. మరీ భయపడ్డ పిల్లలకి ఒకటీ అరా మాట అందించేదాన్ని. చెయ్యి కడుక్కోవడానికి తీసుకెళ్ళి చెవిలో చెప్పేదాన్ని. దాన్ని తప్పనుకోలేదు, దయ అనుకున్నాను. ఇంత మొత్తంగా చేసింది మాత్రం ఈ పిల్లకే.

మేడం గారు వచ్చేసరికి పన్నెండున్నర. నేను మొదలుపెట్టినప్పుడు తొమ్మిదిన్నర.

చెక్క ఇవతల కూర్చుని విన్నాను. అంకెలన్నీ చెప్పింది పిల్ల. బల్ల కింద చేతులు పెట్టుకుని చెబుతోందని నాకు తెలుసు, మేడం గారికి తెలియదు. అది ఒక్కో వరసా తప్పకుండా చెబుతుంటే నా గుండె నిండిపోయింది.

పది రోజులకి రిపోర్టు వెళ్ళింది. గీత ఇంచుమించు బల్లపరుపు. అంకె ఎనభై ఐదుకి పైన. "సగటు తెలివి ఉంది, శ్రద్ధ పెడితే చదవగలదు" అని రాశారు మేడం గారు. ఆవిడ ముందున్న కాగితం ప్రకారం ఎవరైనా అదే రాస్తారు.

వాళ్ళ నాన్న ఆనందం చూడాలి. రెండు కొరమేనులు తాటాకు బుట్టలో పెట్టుకుని ఏలూరు దాకా వచ్చాడు. "మా అమ్మాయికి తెలివి ఉందంటండీ! రాసిచ్చారండీ! మా వాళ్ళందరికీ చూపించానండీ" అన్నాడు. మేడం గారు పుచ్చుకోరు, నాకు తెలుసు. నేను పుచ్చుకున్నాను. పులుసు పెట్టాను. ఆ పులుసు రుచి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

దీపావళి వెళ్ళాక ఒక గురువారం అతను మళ్ళీ వచ్చాడు. ఈసారి ఇస్త్రీ చొక్కా లేదు, బుట్ట లేదు.

"మేడం గారండీ, ఒక సంతకం కావాలండీ. ఈ రిపోర్టు మీదే" అన్నాడు. "బడి మాన్పిస్తున్నానండీ. హెడ్మాస్టరు గారు కాగితాలన్నీ కలిపి ఇమ్మన్నారు."

"ఎందుకండీ? చదవగలదని రాశాను కదా!"

"అదేనండీ. చదవలేకపోతోందంటే అయ్యో పాపం అనుకుందును. తెలివుండి చదవట్లేదంటే అది పొగరేనండీ. బళ్ళో అదే అన్నారు. తెలివి ఉంది, బద్ధకం, ఇంట్లో గట్టిగా చెప్పండన్నారు. గట్టిగా చెప్పానండీ. చెయ్యి కూడా చేసుకున్నాను." ఇక్కడ అతని గొంతు తగ్గింది. "దాని మీద నేనెప్పుడూ చెయ్యెత్తలేదండీ. ఆ కాగితం వచ్చాకే. ఏం లాభం? ఇప్పుడు చెప్పింది ఇప్పుడు మర్చిపోతుంది. రొయ్యల షెడ్డులో మాట్లాడానండీ. సోమవారం నుంచి వలవడానికి వెళ్తుంది."

మేడం గారు ఎంతగానో చెప్పి చూశారు. అతను వినలేదు. "శనివారం నేనే మీ ఊరొస్తాను. అప్పటిదాకా ఆగండి" అని ఒప్పించి పంపారు.

చెక్క ఇవతల అదంతా విన్నాను. ఆ పిల్ల నా వరండాలో మూడు గంటలు పట్టి నేర్చుకుంది. బళ్ళో టీచరు ఒకసారి చెప్పి ముందుకెళ్ళిపోతుంది. ఆ తేడా కాగితం మీద ఎక్కడా లేదు. లేకుండా చేసింది నేను.

మా సెంటరులో ఒక గుమాస్తా ఉండేవాడు, నాకంటే పదేళ్ళు చిన్న. మనసాగక అతనితో అన్నాను. టీ గ్లాసు కింద పెట్టి నా వంక చూశాడు.

"అక్కయ్యగారూ, మీకు రిటైర్మెంటు ఇంకా ఎంతుంది?"

"ఏడాదిన్నర."

"అయితే ఈ ముక్క నాకు చెప్పలేదు, నేను వినలేదు. మీరు నోరు విప్పారంటే ఇన్నేళ్ళ ఫైళ్ళూ బయటికి తీస్తారు. మీ పిచ్చి దయ సంగతి ఎవడు అర్థం చేసుకుంటాడండీ? పేపర్ లీకు అంటారు."

అతను చెప్పినదాంట్లో తప్పేం లేదు. నా క్షేమం కోరే చెప్పాడు. కానీ సోమవారానికి మధ్య మూడే రోజులున్నాయి.

సాయంత్రం మేడం గారు రైలు టైముకి బ్యాగు సర్దుకుంటుంటే లోపలికెళ్ళాను. ఎలా మొదలెట్టాలో తెలియలేదు. మాటలు రాకపోతే నాకు వచ్చింది చేశాను. అంకెల వరసలు మొదటి నుంచి చివరిదాకా చెప్పేశాను. తర్వాత వెనక నుంచి చెప్పేశాను. ఆవిడ బ్యాగు జిప్పు సగంలో ఆపి అలాగే నిలబడ్డారు.

"ఇవన్నీ ఆ కొల్లేటి పిల్లకి ముందే చెప్పానండీ" అన్నాను.

ఆవిడ కూర్చున్నారు. కోప్పడతారనుకున్నాను. కాసేపటికి కోప్పడ్డారు కూడా. "మీకు జాలేసింది. ఆ జాలికి అది దెబ్బలు తింది. జ్వరం వచ్చిన పిల్లని తీసుకొచ్చి నాకిచ్చే ముందు థర్మామీటరు చన్నీళ్ళలో ముంచి ఇచ్చారు మీరు." ఆ మాట బాగా తగిలింది, అందుకే అక్షరం పోకుండా గుర్తుంది. "ఇంకెవరికి చెప్పారు?"

చెప్పాను. పిల్ల పేరు, ఏ బడి, ఏ నెల, ఏ మాట అందించానో, అన్నీ. నా జ్ఞాపకం అక్కడైనా పనికొచ్చింది. ఐదుగురు. ఆవిడ రాసుకున్నారు. వాళ్ళందరినీ తర్వాత మళ్ళీ చూశారు. నలుగురికి ఫలితం మారలేదు, ఒకళ్ళకి మారింది.

రాసుకోవడం అయ్యాక అడిగారు. "అది తొందరగా నేర్చుకుందా?"

"ఎక్కడండీ. మీరొచ్చేదాకా పట్టింది. మూడు గంటలు."

"మూడు గంటలా? ఈ కాసిని అంకెలకా?"

"అవునండీ. చెవితో అయితే అసలు ఎక్కలేదు. వేళ్ళ మీద అయితే ఎక్కింది. ఎక్కాక మాత్రం తప్పలేదు."

ఆవిడ పెన్ను మళ్ళీ తీశారు. "ఆ వేళ్ళ సంగతి మొదటి నుంచి చెప్పండి" అన్నారు. రైలు వెళ్ళిపోయింది. ఆవిడ బస్సులో వెళ్ళారు.

శనివారం పొద్దున్నే బయల్దేరాం. అదే పెట్టె మళ్ళీ వాడడానికి లేదు, అందులో ఉన్నది పిల్లకి తెలిసిపోయింది కదా. మేడం గారు తను చదువుకున్న చోటి నుంచి వేరే పెట్టె తెప్పించారు. దాన్ని ఆవిడే మోసుకున్నారు. నేను ఉత్త చేతులతో వెనక నడిచాను. పదకొండేళ్ళలో మొదటిసారి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఊళ్ళో బడి వరండాలో పిల్లని కూర్చోబెట్టారు. నన్ను చూసి పిల్ల నవ్వబోయింది. మేడం గారు నాతో, "మీరు రేవు దగ్గర కూర్చోండి. వాళ్ళ నాన్నని కూడా తీసుకెళ్ళండి. ఇక్కడి మాట అక్కడికి వినపడకూడదు" అన్నారు. వెళ్ళాను.

రేవులో అతను పడవ గట్టుకి కట్టి నీళ్ళు తోడుతున్నాడు. ఒడ్డున వెదురు మావులు ఉన్నాయి, చేపలు పట్టే గూళ్ళు. చేప లోపలికెళ్ళేలా, తిరిగి రాలేకుండా ఉండేలా మావు మూతి అల్లడం కష్టమైన పని.

"ఇది ఎవరు అల్లారండీ?" అన్నాను.

"ఇంకెవరండీ, మా మొద్దు మొహమే. నేను ఒకటి అల్లేలోపు అది మూడు అల్లుద్ది. ఎవరూ నేర్పలేదు, చూసి పట్టేసింది."

నిలబడే చెప్పాను జరిగింది. అతను తోడుతున్న రేకు డబ్బా నీళ్ళలో వదిలేశాడు.

"అంటే, ఆ రాసిచ్చిందంతా దొంగలెక్కా?"

"అందులో కొంత నాదండీ. ఆ పిల్లది కాదు."

"నేను కొట్టానండీ దాన్ని. ఆ కాగితం చూసి కొట్టాను. మీరేమో మా చేప తిన్నారు."

"తిన్నానండీ."

"పెద్దవారు కాబట్టి ఊరుకుంటున్నాను" అన్నాడు. కానీ ఊరుకోలేదు. నన్ను చాలా మాటలన్నాడు. చదువుకున్నోళ్ళంతా ఒకటే అన్నాడు. ఐదో తరగతి దాన్నని చెప్పుకునే సమయం కాదది. తలొంచుకుని పడ్డాను. పడ్డాక అతను డబ్బా తీసుకుని నీళ్ళు తోడడం మళ్ళీ మొదలెట్టాడు. ఇద్దరం వరండా వైపే చూస్తూ కూర్చున్నాం.

రెండు గంటల తర్వాత మేడం గారు కాగితం పట్టుకుని గట్టు మీదికొచ్చారు. హెడ్మాస్టరు గారు కూడా వెనకే వచ్చారు. ఆ రోజు బడి ఒంటిపూటే.

ఈసారి గీత వేరు. బ్లాకుల దగ్గరా, బొమ్మ చూసి మిగతాది పూరించే దగ్గరా చుక్క వయసుకి తగ్గ పిల్లల్ని దాటి పైకెళ్ళింది. ఈసారి వరసలు కొత్తవి కాబట్టి, చెవితో విని తిరిగి చెప్పే దగ్గర అడుగు తాకింది. మాటల అర్థాల దగ్గర మధ్యలో ఉంది. అన్నీ కలిపి అంకె వేస్తే డెబ్బైకి పైన, ఎనభై ఐదుకి కింద.

"అంటే సర్టిఫికెట్టు రాదు" అన్నారు హెడ్మాస్టరు గారు.

"రాదండీ."

"మరి నేనేం చేయాలమ్మా? సర్టిఫికెట్టు ఉంటే రూలు ప్రకారం చేస్తాను. లేకపోతే నలభై మందిలో ఒకళ్ళు. అటూ కాదు ఇటూ కాదంటే ఎలాగండీ?"

ఇది చూడండి, తప్పు లెక్క వేసినా ఆ పిల్లకి ఏమీ రాలేదు, నిజం లెక్క వేసినా ఏమీ రాలేదు. నేను మధ్యలో చేసిన ఘనకార్యానికి దెబ్బలు మాత్రం వచ్చాయి.

వాళ్ళ నాన్న ఆ కాగితం తీసుకుని తలకిందులుగా పట్టుకున్నాడు. మేడం గారు సరిచేసి ఇచ్చారు. చాలాసేపు చూశాడు. వేలు ఆ గీత మీద పెట్టి, "ఇక్కడ మెరక, ఇక్కడ లోతు. అంతేనాండీ?" అన్నాడు.

"అంతేనండీ."

"మరి ఇంతసేపూ ఆ అంకె గురించి కొట్టుకుంటారేంటండీ? కొల్లేరు లోతెంత అని పడవోణ్ణి అడిగితే ఒక అంకె చెప్తాడా? ఎక్కడ మెరకో తెలిస్తే చాలు, అటుగా తోలుకుపోతాం." హెడ్మాస్టరు గారి వైపు తిరిగాడు. "ఏవండీ మాస్టారూ, దీనికి చెవి వైపు పడవ పోదంటన్నారు. చేతుల వైపు నుంచి పోతే పోద్దంట. మీకు కుదురుద్దా, కుదరదా? కుదరదంటే సోమవారం షెడ్డే."

హెడ్మాస్టరు గారు చెడ్డ మనిషి కాదు. కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఏం చేయాలో రాసివ్వండమ్మా. పెద్ద పెద్ద మాటలు వద్దు. మా లెక్కల టీచరుకి ఇస్తాను, ఆవిడకి ఓపికుంది" అన్నారు.

మేడం గారు అక్కడే మావు మీద కాగితం పెట్టి రాశారు. ఒకసారికి ఒక్క పనే చెప్పాలి. నోటితో చెప్పింది బోర్డు మీద కూడా రాయాలి. ముందు బెంచీలో కూర్చోబెట్టాలి. లెక్క చెప్పమనకుండా చేసి చూపించమనాలి. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటే చెయ్యి మీద కొట్టకూడదు. అడుగున ఇంకో మాట రాసి నాకు చూపించారు. "ఆలస్యంగా ఎక్కుతుంది. ఎక్కేదాకా చెప్పాలి."

పిల్ల వరండా దిగి వచ్చింది. వాళ్ళ నాన్న దాన్ని తల నుంచి కాలి దాకా చూసి, "సోమవారం తొందరగా లేవాలి" అన్నాడు. పిల్ల మొహం వాడిపోయింది. "ఎందుకే ఆ మొహం? బడికేనే" అన్నాడు.

ఏలూరులో ఆటో దిగాక మేడం గారు, "మీమీద పైకి రాయక తప్పదు ఆయమ్మా" అన్నారు. "రాయండి" అన్నాను. మెమో వచ్చింది. నన్ను వరండా నుంచి తీసి గేటు దగ్గర వేశారు. ఏడాదిన్నర గేటు తీశాను, వేశాను. ప్లైవుడ్ చెక్క తీయించి ఇటుక గోడ కట్టించారు. అది మాత్రం నా వల్ల సెంటరుకి జరిగిన మేలు. మీరిప్పుడు కూర్చుంటున్నది ఆ గోడ పక్కనే.

మీకు చెప్పేది ఒక్కటే. వరండాలో పిల్ల చేతులు వణుకుతుంటే పట్టుకోండి. నీళ్ళివ్వండి. జడ రిబ్బను వదులు చేయండి. అంతే, అక్కడ ఆగండి. పిల్ల లోపలికి తన గోతులన్నీ తనతో తీసుకెళ్ళాలి. మనం వాటిని మట్టితో పూడ్చి పంపిస్తే, తర్వాత అందులో పడేది అదే.

పదో తరగతిలో ఆ పిల్ల ఇంగ్లీషు తప్పింది. సప్లిమెంటరీలో కట్టి బొటాబొటిగా గట్టెక్కింది. ఇదంతా లెక్కల టీచరు ఫోనులో చెబితే తెలిసింది. ఐటీఐలో చేరిందని విన్నాను. తర్వాత సంగతులు తెలియలేదు. నేను రిటైరయిపోయాను.

పోయిన వేసవిలో మా డాబా మీద నీళ్ళ మోటారు కాలిపోతే, మా అబ్బాయి మోటార్లు చుట్టే షాపుకి తీసుకెళ్తుంటే నేనూ ఆటోలో వెళ్ళాను. లోపల ఒక అమ్మాయి తలకి గుడ్డ కట్టుకుని రాగి తీగ చుడుతోంది. ఎదురుగా గోడకి చెయ్యాల్సిన పని వరసగా బొమ్మలు గీసిన అట్ట ఉంది. నేను గుర్తుపట్టలేదు, ఎనిమిదేళ్ళయింది. ఆ అమ్మాయే తలెత్తి చూసింది.

"ఆయమ్మా!"

మాట్లాడుకున్నాం. వాళ్ళ నాన్న బాగున్నాడట. షాపు ఓనరు, "ఈ పిల్లకి పని చెప్పడం కష్టమండీ, నాలుగుసార్లు చెప్పాలి. ఒకసారి పట్టుకుందంటే ఇంక ఎవడూ చూడక్కర్లేదు" అన్నాడు. అది నవ్వి, "ఇది చూడండి ఆయమ్మా" అని కుడి చెయ్యి చాచింది. బొటనవేలు కణుపుల మీద నడిచింది. నోటితో అంకెలు చెబుతోంది. మొదటి వరస, రెండో వరస, చివరిదాకా. అక్కణ్ణుంచి అదే దారిలో వెనక్కి. నేను చెవిలో సరిచూసుకుంటూనే ఉన్నాను. ఒక్కటి తప్పలేదు.

ఎక్కడానికి మూడు గంటలు పట్టింది. ఎనిమిదేళ్ళయినా దిగలేదు.

నేను అటూ ఇటూ చూసి దాని చెయ్యి మూసేశాను. "ఇంకెవరి ముందూ చెప్పకే తల్లీ, ఆ పెట్టె ఇంకా వాడుతున్నారు" అన్నాను.